సుతారి మేస్త్రీ బిడ్డ టౌన్ ప్లానింగ్ చదవొచ్చా?

ప్రశ్న: మాది వరంగల్ కరీమాబాద్. నేను సుతారి (తాపీ) పని చేస్తాను. మా బిడ్డ ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. మాకు ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. కాగితాల కోసం తను కూడా నాతో మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగింది. అప్పటి నుంచి "ఇళ్లు ఎక్కడ రావాలి, ఎవరికి రావాలి అని లెక్క చేసే చదువు ఉందట, అదే చదువుతా" అంటోంది. చుట్టాలందరూ కంప్యూటర్ సైన్స్ చేర్పించమంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఆ చదువుకు ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: అన్నా, మీ బిడ్డ చెప్పింది నిజమే. ఆ చదువు పేరు బ్యాచిలర్ ఆఫ్ ప్లానింగ్. బీ.ప్లాన్ అంటారు, నాలుగేళ్లు. ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. ముందు ఆ పని ఎలాంటిదో మీకు తెలియాలి. అది తెలిస్తేనే మీ బిడ్డకు సరిపోతుందో లేదో మీరే తేల్చుకోగలరు.

మీ ఇంటి సంగతే తీసుకుందాం. స్థలం మీది. ప్రభుత్వం ఇచ్చే 5 లక్షలు పని ఏ దశకు వచ్చిందో చూసి విడతలుగా పడతాయి. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. మరి సొంత జాగా లేనివాళ్లు? మీతో కూలీల అడ్డా మీద నిలబడేవాళ్లలో కిరాయికి ఉండేవాళ్లు ఎంతమందో మీకే తెలుసు. వాళ్ల కోసం స్థలం వెతకాలి. అసలు పని అక్కడే మొదలవుతుంది.

చాలా ఏళ్ల కిందట మా విద్యార్థులను తీసుకుని ఒక పట్టణం అంచున కట్టిన పేదల ఇళ్ల కాలనీ చూడటానికి వెళ్లాను. ఇళ్లు బాగానే ఉన్నాయి. కానీ కొన్నింటికి తాళాలు వేసి ఉన్నాయి. పక్కింటి అమ్మను అడిగితే, "పొద్దున పనికి పోను, సాయంత్రం రాను ఆటోకే సగం కూలి పోతోంది సార్, అందుకే వాళ్లు మళ్లీ పాత బస్తీలోనే కిరాయికి ఉన్నారు" అంది. ఇల్లు ఉచితంగా వచ్చినా వాళ్లకు గిట్టుబాటు కాలేదు. భూమి చవకగా దొరికిందని ఊరికి దూరంగా కట్టారు. బస్సు, బడి, నల్లా నీళ్లు, కూలి దొరికే చోటు ఎంత దూరమో లెక్క చూసినవాళ్లు లేరు. ఆ లెక్క చూడటమే ప్లానర్ పని. నా మటుకు నాకు సిమెంటు ధర కంటే ఈ దూరం లెక్కే ముఖ్యం.

1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను, మురికివాడల అభివృద్ధిని పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనుల్లో చేర్చింది. మన దగ్గర గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) ఈ రంగంలో పనిచేస్తాయి. 2013లో 42 పల్లెలను కార్పొరేషన్‌లో కలిపారు. కాగితం మీద ఊరు ఒక్క రోజులో పెరుగుతుంది. రోడ్డు, డ్రైనేజీ అంత తొందరగా రావు. ఏ పొలం రేపు ఇళ్ల స్థలం అవుతుంది, ఏది చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) కాబట్టి ముట్టుకోకూడదు, ఏ నాలాకు ఎంత వెడల్పు వదలాలి అన్నది మాస్టర్ ప్లాన్‌లో తేల్చాలి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో హన్మకొండ, వరంగల్ కాలనీల్లోకి వరద వచ్చింది గుర్తుందా? చవక స్థలం చాలాసార్లు పల్లంలోనే దొరుకుతుంది. పేదవాడి ఇల్లు అక్కడ కడితే మొదటి వానకే సామాను మంచాల మీదికి ఎక్కించాల్సి వస్తుంది.

ఇళ్లు కట్టి ఇవ్వడం ఒక్కటే దారి కాదు. నిబంధనలు తేలిక చేసినా ఇల్లు చవకవుతుంది. 2020లో ఇళ్ల అనుమతులకు టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ విధానం వచ్చినప్పుడు 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునేవాళ్లకు ముందస్తు అనుమతి అక్కర్లేదన్నారు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. పర్మిషన్ కోసం మధ్యవర్తుల చుట్టూ తిరిగిన ఇంటి యజమానులను మీరు చూసే ఉంటారు. అలాంటివాళ్లకు ఒక్క నిబంధన ఎంత మిగులుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. కేంద్రం 2024లో మొదలుపెట్టిన రెండో విడత ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో (పట్టణాల ఇళ్ల పథకం) అద్దె ఇళ్లకూ చోటు ఉంది. పని వెతుక్కుంటూ వచ్చే కుటుంబాలకు అది అవసరం. గీసుగొండ, సంగెం వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో పనికి చేరేవాళ్లు ఎక్కడ ఉండాలి? ఇప్పుడే ఆలోచించకపోతే రేపు రేకుల గదులే గతి.

ఇక చదువు. మీ బిడ్డకు ఇంటర్‌లో గణితం ఉంది కాబట్టి జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బీ రాయొచ్చు. గణితం, ఆప్టిట్యూడ్, ప్లానింగ్ మీద ప్రశ్నలు వస్తాయి. డ్రాయింగ్ పరీక్ష ఉండదు. ఆ ర్యాంకుతో విజయవాడ, భోపాల్, ఢిల్లీల్లోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లలో సీటుకు పోటీ పడొచ్చు. మన వరంగల్ ఎన్ఐటీలో ఈ డిగ్రీ లేదు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో (జేఎన్ఏఎఫ్ఏయూ) ప్లానింగ్‌లో బీటెక్ ఉంది. ఎప్‌సెట్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు దాని వివరాలు కూడా చూడండి. ఇవేవీ రాకపోతే సివిల్ ఇంజినీరింగ్ చదివి, గేట్ పరీక్ష రాసి ప్లానింగ్‌లో పీజీకి, అంటే ఎం.ప్లాన్‌కు వెళ్లొచ్చు. వెనుకబడినట్టేమీ కాదు. ఆ దారిలో వచ్చినవాళ్లు నిర్మాణం తెలిసి ఉంటారు కాబట్టి గట్టిగా నిలబడతారు.

ఉద్యోగాల దగ్గర ఒక కష్టం ఉంది. ప్రభుత్వ పోస్టులు ఏటా పడవు. 2022లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ 175 టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. వాటికి సివిల్ డిప్లొమా వాళ్లూ పోటీ పడ్డారు. నోటిఫికేషన్ కోసమే కూర్చుంటే మనసు పాడవుతుంది. మాస్టర్ ప్లాన్‌లు తయారుచేసే ప్రైవేటు కన్సల్టెన్సీలు, పథకాల్లో కాంట్రాక్టు మీద తీసుకునే నిపుణుల కొలువులు, కంప్యూటర్‌లో మ్యాపులు చేసే జీఐఎస్ పని ఉన్నాయి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ అంత రాకపోవచ్చు. అందుకే కాలేజీలో ఉండగానే జీఐఎస్ బాగా నేర్చుకోవాలి. ఇంట్లో రెండేళ్లలో తీర్చాల్సిన అప్పు ఉంటే అది కూడా లెక్కలో పెట్టుకుని మీ బిడ్డతో కూర్చుని మాట్లాడండి. ఆమెకు చెప్పకుండా మీరొక్కరే మోయకండి.

సీటు కోసం పరుగెత్తే ముందు ఒక పని చేయించండి. ఒక ఆదివారం పొద్దున మీతో అడ్డాకు తీసుకెళ్లండి. పదిమందిని కలిసి ఎక్కడ ఉంటారు, కిరాయి ఎంత, పనికి రావడానికి ఎంత ఖర్చు, నీళ్లు ఎన్ని రోజులకు వస్తాయి అని అడిగి నోటుబుక్కులో రాసుకోమనండి. తర్వాత మీ వాడ మ్యాపు గీసి, వాన నీరు ఎటు పారుతుందో మిమ్మల్ని అడిగి బాణం గుర్తులు పెట్టమనండి. వాటం చూసి నీరు ఎటు పోతుందో చెప్పడం మీకు పనిలో చేతికి అలవాటైన విద్య. కాలేజీలో అది ఆలస్యంగా నేర్పుతారు. ఆ నోటుబుక్కు నింపాక కూడా "ఇదే చదువుతా" అంటే, పేపర్ 2బీకి అప్లికేషన్ పెట్టించండి. అప్పుడు ఆ నోటుబుక్కు తీసుకుని నా దగ్గరికి పంపండి, నేనూ చూస్తాను.