రాసింది 36కి, వచ్చింది 34

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర. మా బాబు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఇంట్లో ఏది అడిగినా గడగడా చెప్పేస్తాడు. పరీక్ష రాసి వచ్చాక మాత్రం టైమ్ చాలలేదంటాడు. మొన్న ఫిజిక్స్ ప్రీఫైనల్‌లో 60కి 34 వచ్చాయి. ఎ సెక్షన్ అంతా రాశాడు, బిలో నాలుగే రాశాడు, సి సెక్షన్ అసలు ముట్టుకోలేదు. 'చదవకుండా టైమ్ మీదికి నెడుతున్నావా' అని మావారు గట్టిగా తిట్టారు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏ ఒక్క ముక్క వదిలినా నాన్న తిడతారని ప్రతిదీ పూర్తిగా రాస్తున్నానంటాడు వాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ ఆన్సర్ షీటు మీవారి ముందు పెట్టి చిన్న లెక్క చూపించండి. ఎ సెక్షన్ పది ప్రశ్నలకి 20 మార్కులు. బిలో రాసిన నాలుగింటికి 16. అంటే బాబు రాసిందే 36 మార్కులకి, అందులో 34 తెచ్చుకున్నాడు. చదవనివాడికి ఇలా రావు. మిగతా 24 మార్కుల ప్రశ్నల దాకా వాడు వెళ్లనే లేదు.

ఎందుకు వెళ్లలేదో మీ ఉత్తరం చివర్లో మీరే రాశారు. రెండు మార్కుల ప్రశ్నకి ఎంత రాశాడో ఒకసారి చూడండి. ముప్పావు పేజీ ఉంటుందని నా అనుమానం. రెండు ముక్కలు అడిగితే, పక్కన నాన్న నిలబడి ఉన్నట్టు నాలుగు ముక్కలు రాసి ఉంటాడు. అదనంగా రాసిన ఆ రెండు ముక్కలకీ మార్కుల్లేవు, టైమ్ మాత్రం పోయింది.

మూడు గంటలంటే 180 నిమిషాలు. 60 మార్కులకి పంచితే మార్కుకి మూడు నిమిషాలు. కాబట్టి ఫిజిక్స్‌లో, కెమిస్ట్రీలో నిజానికి టైమ్ సరిపోతుంది. పేపర్ చదివి, బిలో ఎనిమిదిట్లో ఏ ఆరు రాయాలో, సిలో మూడిట్లో ఏ రెండు రాయాలో టిక్కు పెట్టుకోవడానికి 5 నిమిషాలు. ఎ సెక్షన్‌కి 40, బికి 70, సికి 50. ఇంకా 15 నిమిషాలు మిగులుతాయి. మ్యాథ్స్ వేరు. అక్కడ ఇవే మూడు గంటల్లో 75 మార్కులకి రాయాలి, మార్కుకి రెండున్నర నిమిషాలు కూడా రావు. లెక్క మధ్యలో ఇరుక్కుంటే కొంచెం చోటు వదిలి తర్వాతి లెక్కకి వెళ్లిపోవాలి. పంతం పట్టి కూర్చుంటే ఇంకో ఏడు మార్కుల లెక్క పోతుంది.

ఇంకో మాట వాడికి మీరే చెప్పండి. ఏ జవాబులోనైనా మొదటి రెండు మార్కులు తేలిగ్గా వస్తాయి, చివరి మార్కుకే చెమటలు పడతాయి. ఫిజిక్స్ సి సెక్షన్‌లో వీట్‌స్టన్ బ్రిడ్జి ప్రశ్న వచ్చింది, పది నిమిషాలే ఉన్నాయి అనుకోండి. సర్క్యూట్ బొమ్మ గీసి, కిర్కాఫ్ నియమాలు రాసి, బ్రిడ్జి బ్యాలెన్స్ అయ్యే షరతు రాసేస్తే ఎనిమిదికి ఎనిమిది రాకపోవచ్చు, కానీ చెప్పుకోదగ్గ మార్కులే పడతాయి. ఖాళీ పేజీకి మార్కులెయ్యాలంటే దిద్దే లెక్చరర్‌కి దారే లేదు.

ఇదంతా వింటే రాదు, రాస్తేనే చెయ్యి అలవాటు పడుతుంది. చదవడం వాడికి వచ్చు, కానీ మూడు గంటలు ఏకబిగిన రాయడం ఇంట్లో ఎప్పుడైనా చేశాడా? రోజూ అక్కర్లేదు. రోజూ పెడితే విసుగొచ్చి మానేస్తాడు. ఆదివారాలు పొద్దున 9 నుంచి 12 దాకా పాత పేపర్ పెట్టండి. ఫోన్ మీ దగ్గరుంచండి. వాచీ కూడా ఇవ్వకండి, పరీక్ష హాల్లో దాన్ని పెట్టుకోనిస్తారన్న నమ్మకం లేదు. బదులుగా అరగంటకోసారి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టండి. నవ్వకండి, బాగా పనిచేస్తుంది. రెండో గంట కొట్టేసరికి బి సెక్షన్‌లో ఉండాలి, నాలుగో గంటకి బి అయిపోవాలి, ఐదో గంటకి సిలో రెండో ప్రశ్న మీద ఉండాలి. మొదటి వారం కుదరదు, కంగారు పడకండి.

ఆ గంట మీవారితో కొట్టించండి. తిట్టడం మానమంటే ఆయన మానరు, పని అప్పజెబితే కాస్త తగ్గుతారు. అయ్యాక షీటు కూడా ఆయన్నే చూడమనండి, మార్కులు వెయ్యడానికి కాదు. ఏ ప్రశ్నకి ఎన్ని పేజీలు రాశాడో లెక్కపెట్టడానికి. రెండు మార్కులదానికి అర పేజీ దాటితే 'ఇంత ఎందుకురా, వదిలెయ్' అని ఆయన నోటితోనే అనాలి. వాడికి కావలసిన మాట అదే. మీరు వందసార్లు చెప్పినా అంత పనిచేయదు.

అసలు పరీక్షలు జరిగే రోజుల్లో ఏ పేపర్ ఎలా రాశావని వాకిట్లోనే ఆరా తీయకండి, అన్నం పెట్టండి. బాబు నిద్రపోవడం లేదన్నా, తిండి మానేసినా, బతకడం వృథా లాంటి మాటలు నోట వచ్చినా పరీక్షలయ్యే దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మీకు టెన్షన్‌గా ఉన్నా చేయొచ్చు.