సమాధానం: పాపకి నిద్ర లేవగానే మెడ పట్టేసింది, ఒక పక్కకే వాల్చుకుంటోంది
నాలుగేళ్ల పిల్లకి ఉన్నట్టుండి ఇట్లా అయితే ఎక్కువగా వంకరగా పడుకుని కండరం పట్టేయడమే, లేదంటే గొంతు ఇన్ఫెక్షన్.

1. అందరూ మెడే చూస్తారు, గొంతు చూడరు. ఫోన్ టార్చ్ వేసి ఆ అనిపించండి (స్పూన్ పెట్టద్దు), టాన్సిల్స్ ఎర్రగా వాచినాయా, దవడ కింద బిళ్లలు కట్టినాయా చూడండి, ఉంటే ఈరోజే పిల్లల డాక్టర్‌కి చూపించండి.

2. గడ్డం ఛాతీకి ఆనించమనండి, తనంతట తానే, మీరు వంచద్దు. జ్వరంతో మెడ బిగుసుకున్నా, వాంతులు, మగత, చొంగ కారడం ఉన్నా నేరుగా రుయా (తిరుపతి ప్రభుత్వ ఆసుపత్రి) ఎమర్జెన్సీకే. కింద పడినాక మొదలైంటే మెడ కదిలించకుండా 108కి ఫోన్ చేయండి.

3. ఇవేవీ లేకుంటే గోరువెచ్చని గుడ్డ కాపడం, బరువుకి తగ్గ డోసులో పారాసెటమాల్ సిరప్. రెండుమూడు రోజుల్లో తగ్గిపోతాది, తగ్గకుంటే డాక్టరే.

మెడ తిప్పి టక్కుమనిపించే వాళ్ల దగ్గరికి మాత్రం, ఎవురు చెప్పినా సరే, తీసకపోవద్దండి.