‘యస్ యస్’ అన్నారు, తీరా చూస్తే ఒప్పుకోలేదట!

ప్రశ్న: నాది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. క్లయింట్లు జపాన్‌లోని ఒసాకాలో ఉంటారు, వారానికి రెండు కాల్స్, మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే. మొన్న డెలివరీ డేట్ రెండు వారాలు జరపమని అడుగుతుంటే అవతలాయన నేను మాట్లాడినంతసేపూ ‘యస్, యస్’ అంటూనే ఉన్నారు. ఒప్పుకున్నారని మా మేనేజర్‌కి మెయిల్ కొట్టేశాను. తీరా చూస్తే ఒప్పుకోనే లేదట! తిట్లు నాకు. లోపం ఎవరి ఇంగ్లిష్‌లో అంటారు? – ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: ఎవరి ఇంగ్లిష్‌లోనూ కాదండీ. చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెబుతుంటే ఊఁ కొట్టేవాళ్లం చూడండి, ఆ ‘యస్’ అదే. జపనీస్‌లో ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ ‘హై’ (ఊఁ), ‘నరుహొదొ’ (ఓహో, అలాగా) అంటూ ఉండాలి, లేకపోతే వింటున్నారో లేదోనని చెప్పేవాళ్లకి టెన్షన్. దీన్ని ‘ఐజుచి’ అంటారు, కొలిమి దగ్గర ఇద్దరు ఒకరి దెబ్బ తర్వాత ఒకరు సుత్తి వేయడం నుంచి వచ్చిన మాట. ఇంగ్లిష్‌లోకి దిగేసరికి ఆ ‘హై’ కాస్తా ‘యస్’ అయి కూర్చుంది, మీరు దాన్ని సంతకం అనుకున్నారు. ఊఁ కొట్టినంత మాత్రాన కథలో రాజు చేసింది న్యాయమేనని ఒప్పుకున్నట్టా?

అసలు జవాబు ఆ తర్వాత వచ్చే ఉంటుంది, గుర్తు తెచ్చుకోండి. ‘కొంచెం డిఫికల్ట్’ అన్నారా? అయితే చాలావరకు కుదరదనే. మనవాళ్లు అది విని ‘నో ప్రాబ్లమ్, నేను హెల్ప్ చేస్తా’ అని మీద పడిపోతారు, పాపం వాళ్లు ఇంకా ఇబ్బంది పడతారు. ‘వి విల్ కన్సిడర్’ కూడా చాలాసార్లు మన పెద్దమనుషుల ‘చూద్దాం లెండి’ లాంటిదే. పైగా అక్కడ నిర్ణయాలు తరచూ మీటింగ్‌లో జరగవు, ముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడుకుని వస్తారు. అందుకని మీకు కావలసింది కాల్‌కి నాలుగు రోజుల ముందే మెయిల్‌లో పెట్టండి, కాల్ అయ్యాక ‘ఫలానా తేదీకి ఒప్పుకున్నట్టేనా’ అని రాతలో అడగండి.

‘ఫైల్ రాలేదా?’ అని మాత్రం అడక్కండి. ‘యస్’ అంటే అవును, రాలేదని, మనం తెలుగులో ‘ఊఁ, రాలేదు’ అన్నట్టే. ‘క్లెయిమ్’ వచ్చిందంటే ఇన్సూరెన్స్ అనుకునేరు, జపాన్‌లో ఆ మాటకి కస్టమర్ ఫిర్యాదు అని అర్థం.

అన్నట్టు, కెమెరా ఆన్‌లో ఉంటే మీ తల సంగతి కూడా చూసుకోండి. సరేనంటూ మనం అటూ ఇటూ ఊపుతామే, అది చూసి మీరే కాదంటున్నారని వాళ్లు రాసుకోగలరు.