ఆయన పాటల్లో నేను లేను

ప్రశ్న:

నా వయసు 43. మావారికి 47. పెళ్లయి 18 ఏళ్లు. పాపకు 16, బాబుకు 12. మావారు చెడ్డ మనిషి కాదు. కానీ ఆయనకు పాత పాటల పిచ్చి. రాత్రి తొమ్మిదయితే చాలు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. అన్నీ ఆయన కాలేజీ రోజుల నాటి పాటలే. సెలవు రోజున మళ్లీ అదే పాత సినిమా, తెర మీద వాళ్లకంటే ముందే డైలాగులు అనేస్తుంటారు. హాస్టల్ గది, అప్పటి స్నేహితులు తప్ప వేరే కబుర్లు ఉండవు. ఆ జ్ఞాపకాల్లో నేనెక్కడా లేను. ఏడాది కిందట ఆఫీసులో ఆయన పై అధికారి మారినప్పటి నుంచి ఇది మరీ ఎక్కువైంది. నెల కిందట కోపం ఆపుకోలేక పిల్లల ముందే "ఆ పాటల్లో ఎవరున్నారో వాళ్ల దగ్గరికే వెళ్లండి" అనేశాను. ఆయన ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి పాటలు వినడం మానేశారు. నాతో అవసరమైనంత వరకే మాట్లాడుతున్నారు. పాప కూడా నాదే తప్పంటోంది. ఆయన మనసులో ఇంకెవరైనా ఉన్నారా? నేరుగా అడిగేయమంటారా? పెళ్లికి ముందు నేనూ నవలలు తెగ చదివేదాన్ని, నచ్చిన పాటలన్నీ ఓ నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. ఇప్పుడు నీకే పాట ఇష్టమని ఎవరైనా అడిగితే చెప్పలేను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలో చెప్పండి.

జవాబు:

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మొదటిసారి చదివినప్పుడు ఇదంతా మీవారి గురించే అనుకున్నాను. రెండోసారి, చివర్లో మీరు నోట్‌బుక్ మాట రాసిన చోట ఆగిపోయాను. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీకు నిద్ర లేకుండా చేస్తున్న ప్రశ్న సంగతి చూద్దాం.

ఆయన మనసులో ఇంకెవరో ఉన్నారని అనుకోవడానికి మీరు రాసినదాంట్లో నాకు ఒక్క ఆధారమూ కనిపించలేదు. ఆయన కుర్రతనం నాటి పాటలు వింటున్నారు. నలభై దాటిన వాళ్లలో చాలామంది చేసే పనే అది. గుర్తున్న సంగతులు చెప్పమని ఈ వయసు దాటిన వాళ్లను అడిగితే, ఈ మధ్య జరిగినవాటిని పక్కన పెడితే, పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల లోపు జరిగినవే ఎక్కువగా బయటికొస్తాయి. డేవిడ్ రూబిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1986లోనే అనేక అధ్యయనాలను కలిపి చూసి ఈ సంగతి చెప్పారు. పాటలకూ, సినిమాలకూ, పుస్తకాలకూ కూడా ఇది వర్తిస్తుంది. ఎందుకలా అంటే, ఆ వయసులో చాలా వాటికి అదే మొదటిసారి. ఇల్లు వదిలి ఉండటం, సొంత డబ్బుతో సినిమా చూడటం, ప్రాణస్నేహితుడితో గొడవపడటం, ఏం కావాలో తేల్చుకోలేక తెల్లారేదాకా మేలుకుని ఉండటం. అప్పుడు చెవిన పడ్డ పాట ఆ రోజులన్నిటినీ అంటిపెట్టుకుని ఉండిపోతుంది.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూడండి. పెళ్లినాటికి ఆయనకు 29. అంటే ఆయన పాటల పెట్టె దాదాపు నిండిపోయాక మీరు ఆయన జీవితంలోకి వచ్చారు. అందులో మీరు లేరంటే మిమ్మల్ని అక్కర్లేదనుకున్నారని కాదు. అప్పటికి ఆయనకు మీరెవరో తెలియదు, అంతే. ఈ లెక్క తెలిసినంత మాత్రాన మనసు కుదుటపడదని నాకు తెలుసు. అయినా రాత్రి నిద్ర పట్టనప్పుడు ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

సరే, ఆ పాటల్లో నిజంగానే ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఇరవై ఏళ్ల కుర్రాడు ఎవరినో ఇష్టపడి ఉండొచ్చు. అది జ్ఞాపకం. జ్ఞాపకం ఉన్నంత మాత్రాన మీకు ద్రోహం జరిగినట్టు కాదు. అనుమానించాల్సిన సంగతులు వేరే ఉంటాయి. ఫోన్ మీ కంటపడకుండా దాచడం, ఎక్కడికి వెళ్లారో పొంతన లేని జవాబులు, లెక్క తేలని ఖర్చులు. వీటిలో ఒక్కటీ మీరు రాయలేదు. రోజూ తొమ్మిదింటికి ఇంట్లోనే, మీ కళ్లముందే కుర్చీలో కూర్చునే మనిషి గురించి రాశారు. అందుకే "ఎవరామె?" అని అడగొద్దంటున్నాను. లేని మనిషి గురించి ఆయన ఏం జవాబు చెప్పినా మీకు నమ్మకం కుదరదు. రేపు ఇంకో ప్రశ్న పుడుతుంది.

మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మీ ఉత్తరంలోనే ఉంది, మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. ఏడాది కిందట ఆఫీసులో పై అధికారి మారారు, అప్పటి నుంచే పాటలు ఎక్కువయ్యాయి అన్నారు.

గతం మీద బెంగను ఒకప్పుడు జబ్బనుకునేవారు. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఇంటికి దూరంగా ఉండి చిక్కిపోతున్నవాళ్లను చూసి దానికి ఒక పేరు కూడా పెట్టాడు. ఇప్పుడు అలా చూడటం లేదు. 2006లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, జనం పాత రోజుల్లోకి ఎప్పుడు వెళతారో పరిశీలించారు. మనసు బాగోలేనప్పుడు, ముఖ్యంగా ఒంటరిగా అనిపించినప్పుడు వెళతారని తేలింది. వెళ్లి వచ్చాక తనకూ మనుషులున్నారు, తనూ ఒకరికి కావలసినవాడినే అన్న ధైర్యం కొంత కలుగుతుందట. మీవారిని ఇలా ఊహించుకోండి. పగలంతా ఆఫీసులో తన మాటకు విలువ లేదనిపించిన మనిషి, రాత్రి తొమ్మిదింటికి తనను అందరూ పేరు పెట్టి పిలిచే హాస్టల్ గదికి వెళ్లి కాసేపు కూర్చుని వస్తున్నాడు. నేను ఆయన్ని చూడలేదు కాబట్టి ఇదే నిజమని చెప్పలేను. కానీ ఇది అడిగి తెలుసుకోగలిగిన సంగతి. "ఆఫీసులో ఎలా ఉంటోందండీ ఈమధ్య?" అని అడగండి. ఒక్కసారికి చెప్పకపోవచ్చు. "బాగానే ఉంది" అని ముగించేయొచ్చు. వారం ఆగి మళ్లీ అడగండి, ఎదురుగా కూర్చుని కాకుండా పక్కపక్కన నడుస్తున్నప్పుడో, ఏదో పని కలిసి చేస్తున్నప్పుడో. కళ్లలోకి చూడక్కర్లేనప్పుడు చాలామంది మగవాళ్లు నోరు విప్పుతారని ఇన్నేళ్లలో ఎన్నోసార్లు చూశాను.

కానీ దానికంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. అది కష్టమైనది. మీరన్న మాటకు క్షమాపణ చెప్పాలి. కోపంలో అన్నారు, ఎన్నాళ్లో దాచుకున్న బాధ ఒక్కసారిగా బయటపడింది, నాకు అర్థమవుతోంది. అయినా ఆ మాట గట్టిగానే తగిలింది. అదీ పిల్లల ముందు. ఆ రోజు ఆయన ఏమీ అనకపోవడం చూస్తే, పదహారేళ్ల కూతురి ముందు తలెత్తి జవాబు చెప్పలేకపోయారేమో అనిపిస్తోంది.

ఫోన్‌లో మెసేజ్ పెట్టకండి. నోటితో చెప్పండి. "ఆ రోజు పిల్లల ముందు అలా అన్నాను. నేను అలా అనకూడదు. మిమ్మల్ని అవమానించాను." ఇక్కడితో ఆపేయండి. తర్వాత "కానీ మీరు కూడా" అని మొదలుపెడితే ముందన్నదంతా కొట్టుకుపోతుంది. మీ బాధ చెప్పుకోవడానికి మరో రోజు ఉంది, ఆ రోజు తప్పకుండా చెప్పుకోవాలి కూడా. పిల్లలకూ ఒక్క మాట చెప్పండి, "నాన్నను నేను అలా అనడం తప్పు, నాన్నకు సారీ చెప్పాను" అని. అమ్మ తప్పు ఒప్పుకోవడం పాప చూస్తే నష్టమేమీ లేదు.

క్షమాపణ చెప్పిన వెంటనే మళ్లీ పాటలు వినమని బలవంతపెట్టొద్దు. ఆయన ఫోన్ తీసి మీరే పాట పెట్టేసి నవ్వించాలని చూడొద్దు. ఆయనకు తోచినప్పుడు ఆయనే పెట్టుకుంటారు. ఒక్క సంగతి మాత్రం గమనిస్తూ ఉండండి. పాటలు మానింది మీ మీద అలకతోనా, అసలు ఆసక్తే పోయిందా? అలకైతే స్నేహితులతో ఫోన్‌లో నవ్వుతారు, బాబుతో ఆడతారు. అలా కాకుండా దేని మీదా మనసు లేక, నిద్రా ఆకలీ తగ్గి, రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులుగానే ఉంటే డాక్టరుకు చూపించాలి. ముందు మామూలు ఫిజీషియన్ దగ్గరికే తీసుకెళ్లండి. బతకాలని లేదన్నట్టు ఎప్పుడైనా మాట్లాడితే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏడాదిగా ఆఫీసు టెన్షన్, నెలగా ఇంట్లో మౌనం, రెండూ కలిశాయి కాబట్టి చెబుతున్నాను.

ఇప్పటిదాకా ఆయన వైపు మాట్లాడాను. మీవారి తప్పు కూడా ఉంది. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు తిరుగుతుంటే రోజూ చెవులు మూసుకుని కూర్చోవడం బాగాలేదు. నన్ను వేధించేది పాట కాదు, ఆ ఇయర్‌ఫోన్సే. పాట గదిలో మోగితే నలుగురూ విన్నట్టే, ఒకరు కూనిరాగం తీస్తారు, ఒకరు ఆపెయ్యమంటారు. చెవుల్లో మోగితే పక్కన ఉన్న మనిషి గోడతో సమానం. మీకు తగిలిన దెబ్బ ఇదేనని నా నమ్మకం. కాబట్టి మీ వంతు వచ్చిన రోజున "పాటలు మానండి" అనకండి, "బయటికి పెట్టండి, నేనూ వింటాను" అని అడగండి. ఒక పాటయ్యాక, అది మొదటిసారి ఎక్కడ విన్నారో చెప్పమనండి. హాస్టల్ కబుర్లు వినీ వినీ విసిగిపోయారు, అర్థమైంది. కానీ ఆయన చెప్పింది మీరు విన్నారే తప్ప, మీకు కావలసింది అడిగి చెప్పించుకోలేదేమో. రెండూ వేరు. అడిగి చెప్పించుకుంటే కొత్త సంగతులు వస్తాయి. ఆ గదిలో భయపడ్డ రాత్రులుంటాయి, డబ్బుల్లేని రోజులుంటాయి. వాటిని ఆయన డైలాగులు చెప్పినట్టు చెప్పలేరు.

ఇక నోట్‌బుక్ దగ్గరికి వస్తాను.

మీరు నవలలు తెగ చదివేవారు. పాటలు రాసుకునేవారు. ఇప్పుడు మీకే పాట ఇష్టమో చెప్పలేనంటున్నారు. ఆయన ఇరవై ఏళ్ల పాటలు ఆయన దగ్గరున్నాయి, రోజూ వెళ్లి చూసుకుంటున్నారు. మీ ఇరవై ఏళ్లు ఎక్కడున్నాయి? మీ కోపంలో సగం, ఆయనకు వెళ్లడానికి ఒక చోటుంది, నాకు లేదు అన్నదేమోనని నాకనిపించింది. తప్పయితే మన్నించండి. కానీ ఆ రెండు వాక్యాలూ అడగకుండానే రాశారు మీరు. సమస్యకు సంబంధం లేనట్టు కనిపించే మాట ఉత్తరం చివర్లో వస్తే, నేను అక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

పెళ్లయ్యాక ఎవరూ మిమ్మల్ని చదవొద్దని ఉండకపోవచ్చు. పాప పుట్టింది, ఆమె నిద్రపోయిన గంటలో మీరూ నిద్రపోయారు. తర్వాత బాబు. టీవీ ముందు ఎవరికేం కావాలో అదే పెట్టారు. ఇలా ఏళ్ల తరబడి అందరికీ సరిపోయేది చూస్తూ, వింటూ వచ్చేసరికి, నాకేం కావాలి అని మిమ్మల్ని మీరు అడిగే అలవాటు పోయింది. ఇందులో ఎవరో ఒకరిని నిందించి లాభం లేదు. మా అమ్మ చివరి రోజుల్లో ఒకసారి "నీకే పాట పెట్టనమ్మా?" అని అడిగాను. "నీకేది ఇష్టమైతే అది" అంది. ఎంత అడిగినా అదే మాట. ఆవిడకు ఇష్టమైన పాట ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. మీ పిల్లలకు అలా జరగకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ నోట్‌బుక్ వెతకండి. పుట్టింట్లో ఉందేమో అడగండి. దొరక్కపోయినా ఫర్వాలేదు. అందులో మొదటి పేజీలో ఏముండేదో, ఏ రంగు సిరాతో రాసేవారో, ఎవరి దగ్గర విని రాసుకున్నారో గుర్తు చేసుకోండి. ఒక్క పాట పల్లవి తడితే, దాని వెనకే పక్క బెంచీ స్నేహితురాలు వస్తుంది, ఆ ఏడు వేసుకున్న బట్టలు వస్తాయి. పాటలూ మన సొంత జ్ఞాపకాలూ మెదడులో అంత దగ్గరగా ముడిపడి ఉంటాయి. నవలల్లో, ఒకప్పుడు మూడు రాత్రుల్లో పూర్తి చేసినదాన్నే మళ్లీ తెచ్చుకోండి. కొత్తది మొదలుపెడితే పది పేజీలకే నిద్రొచ్చి, ఇక నావల్ల కాదని నిరాశపడతారు. తెలిసిన కథైతే చేయి పట్టుకుని నడిపిస్తుంది. రోజూ పావుగంట చాలు. ఆ పావుగంట ఎవరు పిలిచినా లేవకండి. మొదటి వారం పిల్లలు పిలుస్తూనే ఉంటారు, తర్వాత అలవాటు పడతారు.

ఇంకొకటి. పిల్లలకు మీ పాటలు వినిపించండి. 2013లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో కేరల్ క్రమ్‌హాన్సల్ అనే ఆచార్యురాలు ఇరవై ఏళ్ల వయసు వాళ్లకు వేర్వేరు దశాబ్దాల పాటలు వినిపించి చూశారు. వాళ్లు తమ కాలపు పాటలతో పాటు, తమ తల్లిదండ్రులు కుర్రవాళ్లుగా ఉన్న రోజుల నాటి పాటలతోనూ గట్టి అనుబంధం చూపించారు. పుట్టకముందు వచ్చిన పాటలు, ఇంట్లో విని విని తమవైపోయాయి. మీ పాపకు నాన్న పాటలు తెలుసు. నాన్న పక్షాన నిలబడటంలో ఆ పాటల వాటా కూడా ఉందేమో. అమ్మ పాటలు ఆమెకు తెలిసే అవకాశమే రాలేదు.

మీకూ ఆయనకూ కలిపి పాటలే లేవని మాత్రం నేననుకోను. పద్దెనిమిదేళ్ల కాపురంలో పాపను జోకొడుతూ పాడిన పాట ఉంటుంది. ఏదో ప్రయాణంలో వెంటాడిన పాట, ఇద్దరూ చూసి సగంలో లేచొచ్చేసిన సినిమా ఉంటాయి. అప్పటికి కొత్తవి గట్టిగా హత్తుకునే వయసు ఆయనకు దాదాపు దాటింది, మీకూ చివరికొచ్చింది కాబట్టి అవి వాటంతట అవి పైకి రావు. ఎవరో ఒకరు తీయాలి. క్షమాపణ చెప్పి, కొన్నాళ్లు గడిచి, ఇద్దరి మధ్యా మాట కాస్త తెరిపినపడ్డాక ఆయన్ని అడగండి, "పాప పుట్టిన ఏడు మనం ఏ పాట ఎక్కువ విన్నామండీ?" అని. ఆయనకు గుర్తుండకపోవచ్చు, మీకు గుర్తుండొచ్చు. అప్పుడు మీరే పాడి వినిపించండి.

నోట్‌బుక్ దొరికితే, మొదటి పేజీలో ఏముందో నాకూ రాయండి.