ఎడారి మ్యూజియంలో శరదృతువు

ప్రశ్న: చరిత్ర చదువుతున్న మా అమ్మాయికి దసరా సెలవుల్లో జైసల్మేర్‌లోని చిన్న ఎడారి సంస్కృతి మ్యూజియం చూపించాలనుకుంటున్నాము. ఆ రోజుల్లో అక్కడ ఏముంటుంది?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: తప్పక తీసుకువెళ్లండి. గడీసర్ చెరువు సమీపంలో ఉన్న ఆ మ్యూజియంలో జానపద వాద్యాలతో పాటు సాయంత్రపు కఠ్‌పుత్లీ ఆట ముఖ్య ఆకర్షణ. మన తోలుబొమ్మలు తెర మీద నీడలుగా ఆడితే, అక్కడి చెక్కబొమ్మలు దారాలతో ప్రేక్షకుల కళ్లెదుటే ఆడతాయి. పగటి ఎండ అక్టోబరులోనూ తగ్గదు కనుక బయటి తిరుగుళ్లు ఉదయానికి పెట్టుకోండి.

అయితే నీటి చరిత్రను మాత్రం తొందరపడకుండా చూపించండి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల కాలువ నీరు ఇంటి ముందుకు వచ్చే కోనసీమ పిల్లలకు, ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే నేలలో పాలీవాల్ బ్రాహ్మణులు ‘ఖడీన్’ పద్ధతిలో పంట పండించిన తీరు ఎంతో నేర్పుతుందని నా నమ్మకం. రాతినేల మీద పారే వాననీటిని మట్టికట్టతో పల్లంలో నిలిపి, అది ఇంకిన తరువాత శరదృతువులో ఆ తడి మీదే గోధుమ, శనగ విత్తుతారు. సెలవులు ఆ అదనుకు దగ్గరగానే వస్తాయి కాబట్టి, వీలైతే ఊరి వెలుపల ఒక ఖడీన్‌ను కూడా చూసి రండి.