తుఫాను కన్నా విమాన టిక్కెట్టుకే ఎక్కువ భయపడాలి

ఇక్కడ ఒకరు అడిగిన ప్రశ్న: "పిల్లలతో సహా తెరచాప పడవలోనే కాపురం ఉండేవాళ్లు నడిసముద్రంలో తుఫానుకు చిక్కితే ఏం చేస్తారు? అంత ప్రమాదమని తెలిసీ ఎందుకు వెళతారు?"

ఎందుకు వెళతారన్న దానికి నా దగ్గర మంచి సమాధానం లేదు. మా నాన్న అడిగినప్పుడూ లేదు. మాది కదిరి వైపు ఒక పల్లె. చెరువు నిండి మరవ పారితే ఊరంతా వెళ్లి చూసి, టెంకాయ కొట్టి వచ్చే ప్రాంతం. నేను సముద్రం మొదటిసారి చూసింది ఇరవై రెండో ఏట, అదీ మద్రాసులో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు. అలాంటివాడు ఆక్లాండ్‌లో ఇల్లు అద్దెకిచ్చి, 38 అడుగుల పాత పడవ కొని, భార్యాబిడ్డలతో నాలుగేళ్లు అందులోనే ఉన్నాడంటే వాడికి ఏదో గాలి సోకిందని మా ఊళ్లో అనుకున్నారు. పూర్తిగా తప్పని నేనూ అనలేను.

తుఫానులో ఏం చేస్తారన్నది మాత్రం చెప్పగలను. దాదాపు ఏమీ చేయం. చేయవలసినదంతా రేవు వదలక ముందే చేయాలి. అక్కడ తప్పు చేసినవాడు సముద్రం మధ్యలో ఎంత గొప్ప నావికుడైనా చేసేది నష్టం తగ్గించుకోవడమే. ఆ తప్పు నేను చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఏడెనిమిదేళ్ల కిందటి మాట. మేము ఫిజీలో ఉన్నాం, న్యూజిలాండ్ వెళ్లాలి. లౌటోకా నుంచి ఒపువా రేవుకు దాదాపు 1,100 నాటికల్ మైళ్లు, అంటే రెండు వేల కిలోమీటర్లు. మా పడవకు తొమ్మిది పది రోజుల దారి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ఆ దీవుల్లో తుఫానుల కాలం కాబట్టి ఆ లోపే దక్షిణానికి దిగిపోవాలి. మరీ ముందుగా దిగుదామంటే కింద ఇంకా చలికాలపు గాలులు పోయి ఉండవు. ఆస్ట్రేలియా వైపు నుంచి అల్పపీడనాలు దాదాపు వారానికొకటి చొప్పున టాస్మన్ సముద్రం దాటి వస్తూనే ఉంటాయి. తొమ్మిది రోజుల ప్రయాణంలో ఒకదానినైనా ఎదుర్కోక తప్పదు. ఏది, ఎక్కడ, ఎంత బలమైనది అన్నదే మనం ఎంచుకోగలిగింది. ఎంచుకోవాలంటే కూర్చుని ఎదురుచూసే ఓపిక ఉండాలి.

మా ఓపికను మా అత్తయ్యగారి టిక్కెట్టు తినేసింది. నవంబరు 4న ఆవిడ హైదరాబాదు నుంచి ఆక్లాండ్‌లో దిగుతారు. మొదటిసారి దేశం దాటి వస్తున్న మనిషి. ఎదురెళ్లడానికి అల్లుడు లేకపోతే ఎలా అని నాకు ఒకటే ఆరాటం. మేము డబ్బిచ్చి సలహా తీసుకునే వాతావరణ నిపుణుడు అక్టోబరు ఇరవై ఎనిమిదో తేదీ దాకా ఆగమన్నాడు. అమెరికా వాళ్ల లెక్క అల్పపీడనం బలపడుతుందని, ఐరోపా వాళ్ల లెక్క బలహీనంగానే పోతుందని చూపిస్తున్నాయి. మనకు కావలసిన ముహూర్తం దొరికేవరకు సిద్ధాంతులను మార్చి మార్చి అడుగుతామే, నేనూ అదే పని చేసి ఐరోపా లెక్క నిజమని తేల్చుకున్నాను. ఇరవై నాలుగున లంగరు ఎత్తేశాం.

వెళ్లే ముందురోజు లౌటోకా బజారులో ఒక పెద్దాయన మాతో తెలుగులో మాట్లాడారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కించి చెరకు తోటలకు తీసుకెళ్లిన కూలీల మనుమడు ఆయన. ఆయన తెలుగులో సగం హిందీ కలిసింది, మిగతా సగంలో మన అమ్మమ్మలతోనే పోయిన మాటలు ఉన్నాయి. చిన్న సీసాలో మామిడికాయ పచ్చడి ఇచ్చి "పదిలంగా పోండి" అన్నారు. ఎంత కాలమైందో ఆ మాట విని.

మొదటి నాలుగు రోజులు హాయిగా గడిచాయి. పక్క నుంచి ఆగ్నేయపు గాలి, పదిహేను ఇరవై నాట్లు. (వరి నాట్లు కాదు, గాలి వేగం. ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు. మా నాన్నకు ఫోనులో చెప్పినప్పుడు "ఇరవై నాట్లకు కూలీలు ఎక్కడ దొరికార్రా" అన్నాడు.) చేతిలో కాలం ఉన్నవాళ్లు ఈ మొదటి నాలుగు రోజుల్లోనే పడమరకు జరుగుతారు. అల్పపీడనం దాటిపోయాక గాలి నైరుతికి తిరుగుతుంది, అప్పటికి పడమర పక్కన ఉంటే ఆ గాలిని వాడుకుని దిగవచ్చు. ఆ దారిలో ఒక రోజు ఎక్కువ పడుతుంది. మాకా రోజు లేదు. పటం మీద తిన్నగా గీత గీసి వెళ్లిపోయాను.

అయిదో రోజు 28 డిగ్రీల అక్షాంశం దగ్గర భారమితిలో గాలి పీడనం 1018 మిల్లీబార్ల నుంచి 1003కు పడిపోయింది. వాయవ్యం నుంచి వెచ్చగా, జిగటగా గాలి. సాయంత్రానికి ముప్పై అయిదు నాట్లు. అర్ధరాత్రి దాటాక పది నిమిషాల్లో గాలి నైరుతికి తిరిగి, చల్లబడి, నలభై దాటింది. గాలి వేగం రెట్టింపయితే తోపు నాలుగు రెట్లవుతుంది. ఇరవైలో మన మాట వినే తెరచాప నలభైలో ఎవరి మాటా వినదు.

అప్పుడు చేసే పని పడవను నిలవేయడం. ముందరి చిన్న తెరచాపను గాలికి అడ్డం తిప్పి కట్టి, పెద్ద తెరచాపను మూడు మడతలు దింపి, చుక్కానిని రెండో వైపు బిగించేస్తాం. కాడికి కట్టిన ఎద్దులు రెండూ చెరో పక్కకు లాగితే బండి ఏమవుతుంది? అలాగే పడవ దాదాపు ఆగిపోయి, అలకు ఏటవాలుగా తల పెట్టి తేలుతూ ఉంటుంది. ఆ పని అయ్యాక నావికుడు చేయవలసింది తలుపు వేసుకుని లోపల కూర్చోవడం. వీడియోల్లో చూపించే వీరులు అప్పుడు కూడా పైనే నిలబడి చక్రం తిప్పుతూ ఉంటారు. వాళ్ల ముఖం మీద కెమెరా పట్టుకున్నది ఎవరో మాత్రం ఎవరూ అడగరు. ఈ వీడియోలు చూసి ఉద్యోగాలు మానేసి పడవలు కొన్నవాళ్లను ముగ్గురిని ఎరుగుదును. ముగ్గురూ ఏడాది తిరగకుండానే అమ్ముకున్నారు.

మేము అలా ముప్పై గంటలు ఉన్నాం. అయిదారు మీటర్ల అలలు. లోపల ఉంటే కనిపించవు, వినిపిస్తాయి. పెద్ద అల వచ్చే ముందు గాలి మోత ఒక్క క్షణం తగ్గుతుంది, అల చాటున పడతాం కదా. ఆ నిశ్శబ్దమే భయంకరం. పిల్లలిద్దరినీ పక్కలకు గుడ్డ బిగించిన పడకల్లో పడుకోబెట్టాం. అవి ఊయలల్లా ఉంటాయి, దొర్లి కింద పడరు. తొమ్మిదేళ్ల అమ్మాయి పొడుపు కథలు వేస్తూ ఉంది. అయిదేళ్ల వాడు, పడవంతా వణుకుతూ ఉంటే, "నాన్నా, పడవకు జ్వరం వచ్చిందా?" అని అడిగాడు.

వాడికి నిజంగానే బాగాలేదు. వాంతులు మొదలై పన్నెండు గంటలయింది. మాత్ర వేస్తే మాత్ర కూడా బయటికి వస్తోంది. పడవ మునుగుతుందన్న భయం నాకు ఒక్కసారి కూడా కలగలేదు. మనుషులు చేతులెత్తేశాక కూడా పడవలు తేలుతాయి. 1994 జూన్‌లో ఇదే సముద్రంలో, న్యూజిలాండ్ నుంచి టోంగా వైపు వెళుతున్న పడవలు పెద్ద తుఫానులో చిక్కాయి. 21 మందిని కాపాడారు, ముగ్గురు పడవతో సహా పోయారు. మనుషులు వదిలేసి వచ్చిన పడవ ఒకటి తర్వాత తేలుతూ దొరికింది. నేను లెక్కపెట్టింది అలలను కాదు, వాడు మూత్రానికి వెళ్లి ఎన్ని గంటలయిందని. నాలుక ఎండిపోయి, పిలిస్తే కళ్లు మాత్రం తిప్పేవాడు. మా ఆవిడ వాడి పక్కనే నేల మీద గోడకు కాళ్లు తన్నిపెట్టి కూర్చుని, ప్రతి అయిదు నిమిషాలకూ ఒక చెంచా ఓఆర్ఎస్ నీళ్లు పోసింది. గంటకు పన్నెండు చెంచాలు. తొమ్మిది గంటల పాటు. వాడు పోసుకున్నాడని ఆవిడ కేక వేసినప్పుడు నాకు కలిగినంత సంతోషం ఒపువా కొండలు కనిపించినప్పుడు కూడా కలగలేదు.

మధ్యలో ఒక అన్నం సంగతి. అలాంటి ఊగిసలాటలో ప్రెషర్ కుక్కర్ అంత మంచి పాత్ర ఇంకొకటి లేదు. ఆవిరి కోసం కాదు, మూత బిగుసుకుని ఉంటుంది కాబట్టి. పొయ్యి మీద నుంచి ఎగిరి పడినా అన్నం నేల పాలు కాదు. ఈ విషయం తెల్లవాళ్ల పుస్తకాల్లో పెద్ద రహస్యంలా రాస్తారు. మన ఆడవాళ్లకు కొత్తగా చెప్పవలసింది ఏముంది?

తెల్లవారుజామున మూడు గంటలకు నా రెండో తప్పు బయటపడింది. పడవ తలుపంటే ఒకదాని మీద ఒకటి దించే పలకలే. లోపల ఉక్కగా ఉందని అన్నిటికన్నా పై పలక పెట్టకుండా వదిలేశాను. ఆ నిశ్శబ్దం వచ్చింది, తర్వాత లారీ గుద్దినట్టు ఒక దెబ్బ. పడవ పక్కకు ఒరిగిపోయి, ఎడమ పక్క అరల్లో ఉన్నవన్నీ కుడి గోడకు వెళ్లి తగిలాయి. తలుపు సందులోంచి నాలుగైదు బకెట్ల సముద్రం లోపలికి వచ్చింది. పసుపు డబ్బా పగిలింది. కిలో పసుపు, ఉప్పునీళ్లు, ఊగుతున్న పడవ. పొద్దున వెలుగు వచ్చాక చూస్తే గోడలు, పరుపులు, పటాలు, నా గడ్డం అన్నీ పెళ్లికొడుకును చేసినట్టు ఉన్నాయి. అమ్మాయి నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. ఆవిడ నా వైపు చూసి "పలక పెట్టమని రెండుసార్లు చెప్పానండీ" అంది. నిజమే, చెప్పింది.

ముప్పై గంటల్లో వచ్చిన దారినే దాదాపు 45 మైళ్లు వెనక్కి కొట్టుకుపోయాం. ఆ తర్వాత తేలిగ్గా అయిపోలేదు. తిన్నగా గీత గీసిన పాపానికి మిగిలిన దారంతా నైరుతి గాలికి ఎదురు కొట్టుకుంటూ, రోజుకు తొంభై మైళ్లు కూడా దాటక, నవంబరు 5న ఒపువా చేరాం. టిక్కెట్టు తేదీ దాటి ఒక రోజు. మా పక్కనే లంగరేసి ఉండి, నిపుణుడి మాట విని ఇరవై ఎనిమిదిన బయలుదేరిన ఫ్రాన్సు దంపతులు మా తర్వాత ఒక్క రోజుకు, బట్టలు కూడా తడవకుండా వచ్చి దిగారు.

రేవులో తనిఖీకి వచ్చినవాళ్లు తేనె, గుడ్లు, మొలకెత్తుతాయేమోనని పెసలు తీసుకుపోయారు. చట్టం, కాదనను. కానీ పన్నెండు రోజులు ఆ సముద్రం దాటి వచ్చిన కిలో పెసలను సంచిలో వేసి సీలు కొడుతుంటే చూడాలి. పచ్చడి మాత్రం వదిలేశారు.

అత్తయ్యగారిది అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు పదకొండేళ్ల పిల్ల. తాటిచెట్టును పట్టుకుని బతికారు, ఇద్దరు తమ్ముళ్లు పోయారు. పది వేల మందికి పైగా చనిపోయిన రాత్రి అది. ఆక్లాండ్‌లో మా స్నేహితుల ఇంట్లో కూర్చుని మా కథంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు, "ఏం బాబూ, నీళ్లు మా మీదికి వచ్చాయి. మీరు నీళ్ల మీదికి వెళ్లారు. నేనొచ్చానని వెళ్లారా? ఒక్క ఫోను చేస్తే టిక్కెట్టు మార్చుకునేదాన్ని కదా."

మార్పుకు ఎంత అవుతుందో తర్వాత చూశాను. మేము ఆ ప్రయాణంలో చింపుకున్న తెరచాప ఖరీదులో పదో వంతు కూడా కాదు.

ప్రశ్న అడిగినవారికి ఇంకొక మాట. మీరు "ధైర్యం ఎలా వస్తుంది" అని కింద ఇంకో వ్యాఖ్యలో అడిగారు. ధైర్యం ఉన్నవాళ్లతో కలిసి ప్రయాణం చేయకండి. రోజూ పొద్దున గాలి లెక్క చూసి, "ఇవాళ కాదులే" అని మళ్లీ పడుకునేవాళ్లు దొరికితే వాళ్ల పడవ ఎక్కండి. ఆ తర్వాత రెండేళ్లు మేము అలాగే బతికాం. ఒకసారి టోంగాలో పందొమ్మిది రోజులు కూర్చున్నాం. బంధువులు "సెలవులు బాగా గడుపుతున్నారు" అన్నారు. అబ్బాయి ఎక్కాలు అక్కడే నేర్చుకున్నాడు.

పడవ మూడేళ్ల కిందట అమ్మేశాం. కొనేవాళ్ల తరఫున తనిఖీకి వచ్చినాయన ప్రతి పలకా కొట్టి చూసి, కుడివైపు అరల వెనక చెక్క సందుల్లో వేలు పెట్టి తీసి, వేలికి అంటిన పసుపుపచ్చటి పొడిని లైటు కింద పట్టుకున్నాడు. ఇదేదో కొత్త రకం బూజా అని అడిగాడు.