లండన్‌లో మొదటి నెల: ఏ కార్డు ట్యాప్ చేయాలి, చేతిలో ఎంత క్యాష్ ఉండాలి?

సెప్టెంబరులో చదువుకి లండన్ వస్తున్నామని, ఓయిస్టర్ కార్డు (ముందుగా డబ్బు వేసుకుని బస్సులు, రైళ్లలో వాడే కార్డు) కొనాలా, క్యాష్ ఎంత తెచ్చుకోవాలి అని అడిగారు. ఇక్కడ లోకల్ బ్యాంకు ఖాతా తెరిచేదాకా ఓయిస్టరే మేలు. ఇండియా కార్డుతో ట్యాప్ చేస్తే ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీకి మార్చినందుకు బ్యాంకు వేసే అదనపు ఛార్జీ), దాని మీద జీఎస్టీ పడతాయి. ఓయిస్టర్‌లో అయితే స్టేషన్ మెషీన్ దగ్గర 20 పౌండ్ల నోటు పెట్టి బ్యాలెన్స్ వేసుకోవచ్చు.

కొత్తవాళ్ల డబ్బు అనవసరంగా పోయేది ఎక్కువగా ట్యాప్ దగ్గరే. బస్సుల్లో క్యాష్ తీసుకోవడం 2014లోనే ఆపేశారు. బస్సెక్కేటప్పుడు ఒక్కసారి ట్యాప్ చేస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. 2025 ధర 1.75 పౌండ్లు. మొదటి ట్యాప్ నుంచి గంటలోపు అదే కార్డుతో ఎన్ని బస్సులు మారినా మళ్లీ ఛార్జీ పడదు.

ట్యూబ్‌లో (లండన్ మెట్రో రైలులో) మాత్రం లోపలికి వెళ్లేటప్పుడూ, బయటికి వచ్చేటప్పుడూ ట్యాప్ చేయాల్సిందే. తూర్పు లండన్‌లో తిరిగే డీఎల్ఆర్ అనే లైట్ రైలు స్టేషన్లలో చాలాచోట్ల గేట్లుండవు, రీడరు ఒక్కటే పక్కన నిలబెట్టి ఉంటుంది. జనంతో పాటు నడిచి బయటికొచ్చేస్తే ప్రయాణం ముగిసినట్టు నమోదు కాదు, గరిష్ఠ ఛార్జీ కోస్తారు. దిగిన స్టేషన్ పేరు, సమయం గుర్తుంచుకుని ఆన్‌లైన్ ఖాతాలో రీఫండ్ అడగొచ్చు. స్ట్రాట్‌ఫర్డ్ లాంటి చోట రైలు మారుతుంటే గులాబీ రంగు రీడరు కనిపిస్తుంది. జోన్ 1 (నగరం నడిబొడ్డు) తగలకుండా వెళ్తున్నప్పుడు దాని మీద ట్యాప్ చేస్తే ఆ రూటుకున్న తక్కువ ఛార్జీ పడుతుంది.

తర్వాత బ్యాంకు కార్డుకి మారినా ఇంకో జాగ్రత్త ఉంది. ఫోన్‌లో పెట్టుకున్న కార్డునీ, పర్సులోని అదే ప్లాస్టిక్ కార్డునీ వేర్వేరుగా లెక్కిస్తారు. ఫోన్‌తో లోపలికెళ్లి కార్డుతో బయటికొస్తే రెండు అసంపూర్ణ ప్రయాణాలవుతాయి, రోజువారీ క్యాప్ (రోజుకి కోసే గరిష్ఠ మొత్తం) కూడా కలవదు.

స్టూడెంట్ ఓయిస్టర్‌లో 30 శాతం తగ్గింపు వారం, నెల ట్రావెల్‌కార్డుల లాంటి పాసుల మీదే, విడి ప్రయాణాలకి రాదు. వారానికి రెండు మూడు రోజులే క్లాసులుంటే 16-25 రైల్‌కార్డు (యువతకి రైలు ఛార్జీల్లో తగ్గింపు ఇచ్చే కార్డు) తీసుకుని స్టేషన్ సిబ్బందితో ఓయిస్టర్‌కి లింక్ చేయించుకోండి. ట్యూబ్, రైళ్లలో ఆఫ్-పీక్ (రద్దీ లేని వేళల) ఛార్జీ మూడో వంతు తగ్గుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 6:30-9:30, సాయంత్రం 4-7 పీక్ సమయం కాబట్టి, తొమ్మిదింటి క్లాసులకి వెళ్లేటప్పుడు ఇది పనికిరాదు.

క్యాష్ 150 పౌండ్లు, చిన్న నోట్లలో, సరిపోతుంది. బంధువులు ఎప్పుడో బీరువాలో దాచిన కాగితపు నోట్లిస్తే తేవద్దు. 20, 50 పౌండ్ల కాగితపు నోట్లు 2022 సెప్టెంబరు 30 తర్వాత దుకాణాల్లో చెల్లవు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో మార్చుకోవచ్చు. కార్డు మెషీన్ రూపాయల్లోనా పౌండ్లలోనా అని అడిగితే ఎప్పుడూ పౌండ్లే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే మారకం రేటు ఆ మెషీన్ వాళ్లు పెట్టిందే, సాధారణంగా నష్టమే.

విమానం ఎక్కకముందే బ్యాంకు యాప్‌లో కార్డుకి విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోండి, ఇండియా సిమ్‌కి రోమింగ్ పెట్టించుకోండి. ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది.